తల ఖాళీ లేదు

జూన్ 3 ప్రపంచ సైకిల్ దినోత్సవం. ఐక్యరాజ్య సమితి 2018లో ప్రకటించింది. మా ఊళ్లోనూ ర్యాలీ పెట్టారు. ఆరింటికన్నారు, ముఖ్య అతిథి ఎనిమిదింటికి ఏసీ కారులోంచి దిగారు. మెడలో గజమాల, నెత్తిన తలపాగా. ఇక హెల్మెట్‌కు చోటేదీ? హ్యాండిల్‌కు తగిలించారు. దాని ధర చీటీ ఇంకా వేలాడుతూనే ఉంది. సైకిల్‌ను ముందు ఇద్దరు, వెనక ముగ్గురు పట్టుకున్నారు కనుక ఆయన పడే ప్రమాదమైతే లేదు లెండి. ఫొటోకు సరిపడా తొక్కి, మళ్లీ కారెక్కేశారు.

మిగతావాళ్లకూ హెల్మెట్లు పంచారు. ఒకాయన అందులో ఇడ్లీ పొట్లాలు సర్దుకున్నాడు. ‘జుట్టు చెదురుతుందండీ’ అన్నాడో కుర్రాడు. పక్కనున్న బట్టతల పెద్దాయనకు ఆ బెంగ లేదు, అయినా పెట్టుకోలేదు. ‘చట్టంలో సైకిల్‌కు హెల్మెట్ లేదు కదా!’ అని లా పాయింటు తీశాడు. నిజమే, మోటారు వాహనాల చట్టం 129వ సెక్షన్ మోటారు సైకిళ్ల సంగతే చెబుతుంది. తారు రోడ్డుకే పాపం ఆ సెక్షన్ తెలియదు. హెల్మెట్ లోపలుండేది థర్మోకోల్ లాంటి నురుగు. తలకు బదులు అది నలుగుతుంది, గడ్డం కింద పట్టీ బిగిస్తేనే సుమా!

మా తలల సంగతి అలా ఉంటే, హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్‌కు సోలార్ పలకలతో పైకప్పు వేశారు. దారి నెత్తికి నీడ దొరికింది.

మా ర్యాలీ మర్నాడు పేపర్లో తలపాగా ఫొటో. కింద: ‘హెల్మెట్‌పై అవగాహన కల్పిస్తున్న అతిథి’.