వెనక్కి తిరగని చక్రం

నేను రోలర్ స్కీని. ఉండేది నార్వేలో, ఓస్లో శివార్లలో. మంచు కరిగి తారురోడ్డు బయటపడితే ఇక్కడి స్కీయింగ్ వాళ్లకు కాళ్లు నిలవవు. అప్పుడే నాకు పని. నాకున్నవి రెండే చక్రాలు, వాటి మధ్య ఫైబర్ గ్లాస్ పట్టీ. వెనక చక్రం ముందుకే తిరుగుతుంది. వెనక్కి తిప్పబోతే లోపలి బేరింగ్ బిగుసుకుంటుంది. అది రోడ్డును పట్టుకుంటేనే కాలితో వెనక్కి తన్ని ముందుకు సాగగలరు. ఇది క్లాసిక్ పద్ధతి.

మా యజమానురాలు కొట్టుకు వచ్చి, బాగా పరుగెత్తే జత చూపించమంది. కొట్టతను నవ్వి, నిదానంగా దొర్లేదాన్నే చేతిలో పెట్టాడు. ఆవిడ చిన్నబుచ్చుకుంది గానీ, సరైన బేరం అదే. మంచు మీద స్కీ ఎంత జారుతుందో రోడ్డు మీద చక్రం అంతే దొర్లాలి. ఎక్కువైతే కండకు పని ఉండదు, ఊరికే సవారీ. పైగా నాకు బ్రేకు లేదు! వాలులో అదుపు తప్పితే పక్కనున్న గడ్డిలోకి దిగడమే గతి. చక్రాల రబ్బరు వేగానికి అంకెలుంటాయి కానీ ఒక కంపెనీ 2, ఇంకో కంపెనీ 2 ఒకటి కావు. అంకె చూసి కొనేవాళ్లను చూస్తే నాకు జాలి.

ఆవిడ దృష్టంతా మార్చిలో జరిగే బిర్కెబైనర్ స్కీ పందెం మీదే. రేనా నుంచి లిల్లెహామర్‌కు 54 కిలోమీటర్లు, వీపున కనీసం 3.5 కిలోల సంచి. 1206లో పసివాడైన రాకుమారుణ్ణి యోధులు మంచుకొండలు దాటించారు. ఆ బరువు ఆ బిడ్డకు గుర్తు. అందుకని ఎండాకాలంలోనే సంచి తగిలించుకుని నామీద ఎక్కుతుంది.

నాతో వచ్చే చిక్కు ఒకటుంది. మంచు మీద స్కీ పట్టు దొరకాలంటే సరైన క్షణంలో ఒంటి బరువంతా దానిమీద పడాలి, లేకపోతే కాలు వెనక్కి జారిపోతుంది. నా చక్రం మాత్రం ఎప్పుడు తన్నినా పట్టేస్తుంది. ఆ సుఖానికి అలవాటుపడ్డవాళ్ల గుట్టు డిసెంబరులో బయటపడుతుంది.

గ్యారేజీలో నా పక్కనుండేది స్కేటింగ్ జత. 10 సెంటీమీటర్ల ఎత్తు, సన్నటి చక్రాలు, బిగుసుకునే బేరింగ్ లేదు. పక్కకు తోస్తూ పోవాలి కాబట్టి చీలమండను పట్టి ఉంచే బూటు కావాలి. చక్రాలు లోపలి అంచున అరుగుతాయి. కుడి ఎడమలు మార్చకపోతే వంకరపోతాయి. కంకర దారికి మేమిద్దరం పనికిరాం. గోళీ అంత రాయి అడ్డొచ్చినా చక్రం ఆగుతుంది, మనిషి ఆగడు. ఆ దారికి గాలి టైర్ల జత వేరే ఉంది.

హెల్మెట్, చేతి తొడుగులు సరే, నేను చూసేది కర్రల మొనలు. మంచుకు వాడే చక్రంలాంటి బుట్ట తీసేసి, తారు కోసం కార్బైడ్ మొన బిగించాలి. అది మొద్దుబారితే కర్ర కిర్రున జారి భుజం పట్టేస్తుంది. ఈ ఏడు ఆవిడ తెచ్చిన సామానులో నాకు నచ్చింది ఆ మొనకు పదును పెట్టే, వజ్రపు పొడి అతికిన చిన్న ఆకురాయి. అన్నిటికన్నా చవక కూడా అదే.