ఏది ముందు, ఏది వెనక

నీటిపారుదల శాఖలో కొత్తగా చేరిన ఏఈ కుర్రాళ్లకు ప్రాజెక్టు నిర్వహణ మూలసూత్రాలు నేర్పేటప్పుడు ముందుగా అడ్డగీతల పట్టిక ఒకటి చూపిస్తారు. ఏ పని ఎప్పుడు మొదలవ్వాలి, ఏది పూర్తయ్యాక ఏది పట్టుకోవాలి, ఏది ఆగితే మొత్తం ఆగిపోతుంది అన్నది అందులో ఉంటుంది. ఈ క్రిటికల్ పాత్ లెక్కకు 1957 ప్రాంతంలో అమెరికాలోని డ్యూపాంట్ కంపెనీలో రూపం వచ్చింది. పాపం, వాళ్లవి రసాయన ఫ్యాక్టరీలు. ఎమ్మెల్యేలు ఉండరు, వరదలు రావు, కొబ్బరికాయ కొట్టేవాడూ ఉండడు. ఆ లెక్క వాళ్లకు సరిపోయింది. మనకు సొంత సిలబస్ ఉండాలి. దానికి పాఠ్యపుస్తకం కొత్తగా రాయనక్కర్లేదు, గోదావరి మీద పోలవరం ప్రాజెక్టు ఉంది.

మొదటి పాఠం శంకుస్థాపన. సర్వే, డిజైన్, భూసేకరణ, టెండర్ అనే క్రమం పరీక్షలో రాయడానికి. మన పద్ధతిలో ముందు రాయి పడాలి. తెల్లదొరల కాలంలోనే రామపాద సాగర్ పేరుతో కాగితాల మీద పుట్టిన ఈ ప్రాజెక్టుకు అంజయ్య గారు ముఖ్యమంత్రిగా ఉండగా శంకుస్థాపన జరిగింది. రాజశేఖరరెడ్డి గారి హయాంలో మరోసారి జరిగింది. ఆ రాళ్ల మీద పేర్ల వరుస ఎప్పుడైనా గమనించారా? ముఖ్య అతిథి, అధ్యక్షుడు, గౌరవ అతిథులు, ఎంపీ, ఎమ్మెల్యే, జడ్పీ చైర్మన్. అందులో ఒక్క పేరు ఒక్క మెట్టు కిందికి దిగిందా, కలెక్టరేట్‌లో ఆ రాత్రి ఎవరికీ నిద్ర ఉండదు. ఏది ముందు, ఏది వెనక అన్న విషయంలో మన యంత్రాంగానికి ఇంత పట్టింపు ఉంది. అదంతా చలువరాయి దగ్గరే ఖర్చయిపోవడంతో మట్టి పని దగ్గరికి వచ్చేసరికి ఏమీ మిగల్లేదు.

ఏమీ మిగల్లేదని ఊరికే అనడం లేదు. నది మధ్యలో ఆనకట్ట కట్టాలంటే ముందు నదిని పక్కకు తిప్పాలి. కుడివైపు స్పిల్‌వే కట్టి నీళ్లకు దారి ఇవ్వాలి. ఎగువన ఒక కాఫర్ డ్యాం, దిగువన ఇంకొకటి వేసి మధ్యలో నేలను పొడిగా చేసుకోవాలి. ఆ నేల కింద, రాయి తగిలేదాకా, సుమారు 1.4 కిలోమీటర్ల పొడవున ఊట ఆపే గోడ, డయాఫ్రం వాల్ దించాలి. దాని మీద మట్టి, రాయి పోసి అసలు డ్యాం లేపాలి. ఇందులో అర్థం కాని బ్రహ్మవిద్య ఏమీ లేదు. శ్లాబు పోసేశాక పునాది తవ్వే మేస్త్రీని ఏ ఊళ్లోనూ ఎవరూ పనికి పిలవరు.

డయాఫ్రం వాల్ 2018లో పూర్తయింది. అప్పటికి కాఫర్ డ్యాంలు పూర్తి కాలేదు. 2019లో ప్రభుత్వం మారింది. కాంట్రాక్టర్ మారాడు, రివర్స్ టెండర్ వచ్చింది, ఆదా అయిందన్న కోట్ల లెక్కా వచ్చింది. కాఫర్ డ్యాంలలో వదిలిన గ్యాపులు మాత్రం గ్యాపుల్లాగే ఉన్నాయి. గోదావరికి టెండర్ నోటీసు అందినట్టు లేదు, ఎప్పటిలాగే వచ్చింది. అంత నదీ ఆ సందుల్లోంచి దూరి, లోపల ఇసుకను తోడేసి, గోతులు పెట్టి, గోడను దెబ్బతీసి వెళ్లిపోయింది. తర్వాత పరీక్షలు చేస్తే 485 మీటర్ల మేర దెబ్బతిన్నట్టు తేలింది. 2024లో అమెరికా, కెనడాల నుంచి నలుగురు నిపుణులు వచ్చి చూశారు. 2025 జనవరిలో పాత గోడ పక్కనే కొత్త గోడ మొదలైంది. పాతదానికి అయిన ఖర్చు సుమారు 440 కోట్లు, కొత్తదానికి అంచనా సుమారు 990 కోట్లు. ఈ ప్రాజెక్టు మొత్తంలో ఇచ్చిన తేదీకి తప్పకుండా హాజరైంది గోదావరి ఒక్కతే. జూలై అంటే జూలైనే. అలాంటి సిబ్బందిని మెచ్చుకోవాల్సింది పోయి ప్రకృతి వైపరీత్యం అంటారు.

ఇక తప్పెవరిది? ఇక్కడే రాష్ట్రానికి కలిసొచ్చింది. కాఫర్ డ్యాం లేకుండా గోడ కట్టింది మీరని వీళ్లు, గ్యాపులు పూడ్చకుండా వదిలేసింది మీరని వాళ్లు. ఐదారేళ్లుగా టీవీల్లో ఇదే. ఫలితంగా టీ కొట్టు దగ్గర కూర్చున్న పెద్దాయన కూడా అసలు డ్యాంలో గ్యాప్-1, గ్యాప్-2 అనే భాగాల తేడా చెప్పగలడు. ఎగువ కాఫర్ డ్యాంకు ఎంత ఎత్తు ఉండాలో చెయ్యెత్తి చూపించగలడు. మేనేజ్‌మెంట్ కాలేజీలు లక్షలు తీసుకుని నేర్పే పనుల క్రమాన్ని మన పార్టీలు ఐదు కోట్ల మందికి ఉచితంగా నేర్పాయి. ఇరుపక్షాలూ క్రమం తప్పిందనే అంటున్నాయి కాబట్టి సిద్ధాంతం దగ్గర పేచీ లేదు. తప్పిన రోజున ఆ కుర్చీలో ఎవరున్నారన్నదే చర్చ. క్రమం తప్పుతోందని అప్పట్లో ఫైలు మీద ఏ ఇంజనీరైనా రాశాడా, రాస్తే ఆ ఫైలు ఏ బల్ల మీద పడుకుంది అని మాత్రం ఏ యాంకరూ అడగడు. అడిగితే అరుపులకు వీలుండదు.

రెండో పాఠం పర్యవేక్షణ. ఆ మధ్య ప్రతి సోమవారాన్నీ పోలవారం అన్నారు. వారంలో ఒకరోజు ముఖ్యమంత్రే స్వయంగా సమీక్షిస్తుంటే పని పరుగెత్తకుండా ఉంటుందా? పరుగెత్తింది. 2019 జనవరిలో 24 గంటల్లో 32 వేల ఘనపు మీటర్లకు పైగా కాంక్రీటు పోసి గిన్నిస్ రికార్డు కొట్టారు. కూలీలు, డ్రైవర్లు రాత్రంతా కష్టపడ్డారు, వాళ్లకు దండం పెట్టాల్సిందే. కాకపోతే గిన్నిస్ వాళ్లు కొలిచేది ఒక రోజు పోసిన కాంక్రీటు, కాఫర్ డ్యాం ఎక్కడిదాకా వచ్చిందో వాళ్లకు అనవసరం. జనాన్ని బస్సుల్లో తీసుకెళ్లి మరీ చూపించారు. ప్రాజెక్టు కంటే ముందు ప్రాజెక్టు యాత్ర పూర్తయింది.

అంచనాల పాఠం చిన్నది. 2010-11 ధరల్లో 16,010 కోట్లు, 2017-18 ధరల్లో 55,548 కోట్లు. అంతే, పాఠం అయిపోయింది. అయితే పెరిగిందంతా సిమెంటు, ఇనుము అనుకుంటే పొరపాటు. అందులో సింహభాగం భూసేకరణ, పునరావాసం. అక్కడ ముంపులో ఉన్నది లక్షకు పైగా కుటుంబాలు, ఎక్కువమంది గిరిజనులు. పాత అంచనా వేసినప్పుడు వాళ్లు ఆ ఊళ్లలో లేరా? ఉన్నారు. పట్టికలోనే అందరూ లేరు.

ఈ పునరావాస భారానికి మేనేజ్‌మెంట్ భాషలో పరిష్కారం దొరికింది. పని పరిధిని దశలుగా విడగొట్టడం. డ్యాం పూర్తి మట్టం 45.72 మీటర్లు. ఇప్పటికి 41.15 మీటర్ల దాకా నీళ్లు నిలిపితే చాలు, తొలిదశ అయినట్టే. 41.15 కాంటూరు కింద ఇల్లున్నవాడు నిర్వాసితుడు. దాని పైన ఉన్నవాడు రెండో దశలో నిర్వాసితుడు అవుతాడు, అందాకా గోదావరి తీరాన నివసించే సామాన్య పౌరుడు. 2022 జూలైలో భద్రాచలం దగ్గర నీటిమట్టం 71 అడుగులు దాటినప్పుడు ఈ కాంటూరు వివరం నదికి ఎవరూ చెప్పలేదు. తొలిదశా, మలిదశా తేడా లేకుండా అందరూ గుట్టలెక్కారు.

ఈ లెక్కన చూస్తే కాటన్ దొరకు ప్రాజెక్టు నిర్వహణ బొత్తిగా తెలియదు. ఇదే గోదావరి మీద ధవళేశ్వరంలో 1847లో మొదలుపెట్టి 1852కి ముగించేశాడు. రెండో శంకుస్థాపనకు వీలు లేకుండా చేశాడు. సవరించిన అంచనా మీద నాలుగు తరాలు బతకాల్సింది. ఒక్కడి తొందరపాటు వల్ల అంతా పోయింది.

చివరి పాఠం గడువు. 2018 అన్నారు. 2021 డిసెంబర్ అన్నారు, కావాలంటే రాసిపెట్టుకోమన్నారు. రాసిపెట్టుకున్నవాళ్ల డైరీలు నిండిపోయాయి. కాంట్రాక్టర్‌కు గడువు చాలకపోతే ఈఓటీ అడుగుతాడు, ఎక్స్‌టెన్షన్ ఆఫ్ టైమ్. ఏఈ రాస్తాడు, డీఈ సిఫారసు చేస్తాడు, ఈఈ పంపిస్తాడు, ఎస్ఈ పైకి తోస్తాడు, సీఈ సంతకం పెడతాడు. మన పద్ధతిలో మెట్టు తప్పకుండా, వరుస చెడకుండా సాగే పని శిలాఫలకం తర్వాత ఇదొక్కటే. ఇప్పుడు 2027 అంటున్నారు. అదే ఏడాది గోదావరి పుష్కరాలు కూడా ఉన్నాయి. గురుడు సింహరాశిలో అడుగుపెట్టాల్సిన రోజు పంచాంగంలో ఖాయమైపోయింది. ఆయన ఈఓటీకి దరఖాస్తు పెట్టుకున్నట్టు ఏ సీఈ ఆఫీసులోనూ కాగితం లేదు.