శేషగణకుడు

అనంతపురము నడిబొడ్డున స్వాతంత్ర్యమునకు స్మారకముగా నిలిచిన గడియారస్తంభమునకు ఎనిమిది ముఖములు కలవు. ఆ ఎనిమిది ముఖములు ఎనిమిదవ మాసమైన ఆగస్టునకును, 15 అడుగుల వెడల్పు పదునైదవ తేదీకిని, 47 అడుగుల ఎత్తు 1947వ సంవత్సరమునకును గుర్తులని ఊరివారు క్రొత్తగా వచ్చినవారికి చెప్పి సంతోషింతురు. ఇట్లు తన దేహమునందే ఒక తేదీని ధరించి నిలిచిన ఆ స్తంభము క్రిందుగా నిత్యము కార్యాలయమునకు నడచిపోవుచు, ఒక్కనాడైనను తల యెత్తి దానిని చూడని మహాశయుడొకడు నాకు సహోద్యోగిగా లభించెను. చూడకుండుటకు కారణమేమని నేనొకనాడు అడిగితిని.

“అది పోయిండేది ఎంతనో చెప్తాది సార్. మిగిలిండేది చెప్పదు కదా!” అని ఆయన బదులిచ్చెను.

నాటినుండి ఆయనకు నేను శేషగణకుడని మనసులోనే నామకరణము చేసికొంటిని.

ఈ జాతివారు ప్రతి ఊరను ఉందురు. పెండ్లిపందిటిలో తలంబ్రాలు పడుచుండగా బంతి లేచుటకెంత వ్యవధి యున్నదో విచారించువాడును, సినిమా మొదలైన పది నిమిషములకే విశ్రాంతికెంత సేపున్నదని ప్రక్కవానిని పొడుచువాడును, గుంతకల్లులో రైలెక్కి కూర్చున్నది మొదలు దిగవలసిన స్టేషన్లను వ్రేళ్లపై తగ్గించుకొనుచు కిటికీ వెలుపలి లోకమును చూడనివాడును ఈ వంశమువారే. కాని మా శేషగణకుడు వారివంటి సామాన్యుడు కాడు. ఉదయము ఉగ్గాని బండివద్ద నిలిచి, బజ్జీలు నూనెలో పడిన ఉత్తరక్షణమున “ఇంకెంత సేపప్పా?” అని ప్రశ్నించుటయు, బండివాడు మూకుడునుండి చూపు మరల్చకయే “బజ్జీకి టైమేంది సామీ, ఎర్రగయితే తీస్తా” అని చెప్పుటయు, ఆ సమాధానములో అంకె లేకపోవుటచేత ఈయన తృప్తి చెందక చేతిగడియారమును తడవికొనుటయు ప్రతిదినమును జరుగుచుండెడివి.

ఇట్టివానికి సర్కారువారు కంప్యూటరు నిచ్చిరి. ఇచ్చినవారు లేఖలు వ్రాయుటకే యిచ్చిరి. పుచ్చుకొన్నవాడు మాత్రము దానియందు కాలపురుషునే దర్శించెను. 1996లో మైక్రోసాఫ్టువారు లోకమునకు ప్రసాదించిన వీబీస్క్రిప్టను చిన్న భాషను ఆయన ఎవరివద్దనో అభ్యసించి, భోజనవిరామమునకు ఎంత వ్యవధి మిగిలినదో తెరపై చూపు కిటికీ నొకదానిని నిర్మింప సంకల్పించెను. మొదట మెస్సేజ్ బాక్సను సాధనమును పట్టెను. దాని స్వభావము శిలాశాసనము వంటిది: ఒకసారి చెక్కిన అక్షరము మారదు, చదివినవాడు ఓకే యను మీటను నొక్కువఱకు దాని వెనుకనున్న స్క్రిప్టు ఒక్క పంక్తియైనను ముందునకు సాగదు. కావున పండ్రెండు గంటలకు “భోజనమునకు ఇంక 60 నిమిషములు” అని వెలసిన పెట్టె, ఒంటిగంటకును అదే మాటను చెదరని ధైర్యముతో చెప్పుచు నిలిచియుండెను.

పిమ్మట పాపప్ అను మఱియొక సాధనము ఆయన కంటబడెను. ఇది నిర్ణీతమైన క్షణములు గడచినంతనే ఎవ్వరును నొక్కకున్నను తనంత తానే మాసిపోవును. అయినను తనలోని అంకెను ఇదియు మార్చలేదు. ఒక కిటికీలో అంకె మారకున్నచో క్షణమునకొక క్రొత్త కిటికీని తెరచినచో పోదాయని శేషగణకుడు యోచించి, నిమిషమునకు అరువది కిటికీలు పుట్టి గిట్టునట్లు చక్రము వేసెను. మా టైపిస్టు అమ్మగారు ఆ కంప్యూటరు మీదనే లేఖలు కొట్టెడివారు. ఆమె పంక్తి ముగించి ఎంటర్ మీట నొక్కినప్పుడెల్ల ఆ తాకిడి, లేఖకు బదులు, అప్పుడే మీదికి వచ్చిన కిటికీకి తగిలి, క్షణము పూర్తి కాకుండగనే దానిని మూసివేయుచుండెను. మూసిన కిటికీ వెనుక తరువాతి అంకె సిద్ధముగా నుండెడిది. ఆమె ఎంత వడిగా టైపు చేసినచో కాలమంత వడిగా పరుగెత్తసాగెను. ఆనాడు ఒంటిగంట భోజనము పండ్రెండున్నరకే సంప్రాప్తమగుటయు, కార్యాలయమంతయు కారణము విచారింపకయే క్యారియర్లు విప్పుటయు నేను కన్నులార చూచితిని. సైన్సు చరిత్రలో శ్రమవలన కాలము కుదించుకుపోయిన ఘట్టము ఇదియొక్కటే కావచ్చును.

ఈ అపజయములనుండి ఆయన హెచ్‌టీఏ యను మూడవ మెట్టు నెక్కెను. ఇది బ్రౌజరు పుటవంటి కిటికీ. దీనియందలి అక్షరములను స్క్రిప్టు ఎప్పుడు కావలసిన అప్పుడు మార్చగలదు. సెట్ఇంటర్వెల్ అను ఆజ్ఞ నిచ్చి వేయి మిల్లీసెకన్లకొకసారి అంకెనుండి ఒకటి తీసివేయుమని చెప్పగా, అంకె నిజముగనే కదలెను. శీర్షికాపట్టికయు, మూసివేయు మీటయు లేకుండ కిటికీని తీర్చి, ఎవ్వరును దానిని తొలగింపలేరని ఆయన గర్వించెను. కాని యంత్రము ఇతర పనులలో మునిగినప్పుడు ఆ తీసివేత కొంచెము కొంచెముగా ఆలస్యమగుచుండెను. ఆ కొంచెములన్నియు ప్రోగుపడి ఒకనాడు గోడగడియారము ఒంటిగంట కొట్టిన వేళకు కిటికీలో ఇంకను నాలుగు నిమిషములు మిగిలియుండెను. అందఱును భుజించుచుండగా ఆయనయొక్కడే, ఆకలిగొనియు, తన సృష్టిని అవమానింపజాలక, ఆ నాలుగు నిమిషములును బల్లముందు దీక్షతో కూర్చుండెను. తప్పెక్కడనో మఱునాడు తెలిసినది. మిగిలినదానిని నమ్మి అందుండి ఒక్కొక్కటి తగ్గించుకొనుచు పోరాదు. గడువు వేళనుండి ఇప్పటి వేళను ప్రతి పర్యాయము క్రొత్తగా తీసివేసి చూచుకొనవలెను. ఇది కిటికీలకే గాక మనుష్యులకును పనికివచ్చు సూత్రము. ఆయన మాత్రము కిటికీకే వినియోగించెను.

ఈ విద్య మనకు క్రొత్తది కాదని నేనొకనాడు ఆయనతో అంటిని. అడుగున సన్నని రంధ్రముగల రాగిగిన్నెను నీటిపై వదలి, నీరు నిండి అది మునిగినచో ఒక ఘడియ, అనగా 24 నిమిషములని మన పూర్వులు లెక్కించిరి. దినమునకు అరువది మునకలు. ఆయన సంతోషించి, ఆ యంత్రమును ఇంట నిలుపబోయెను. కాని మా ఊరిలో ఘటికాయంత్రము నిలుపగోరువాడు వెదకవలసినది గిన్నెను గాదు, తొట్టికి నీటిని. తుంగభద్ర ఎగువకాలువను నమ్ముకొన్న కుళాయి ఆనాడు తెరచుకొనలేదు. రాగిగిన్నె పొడితొట్టిలో కూర్చుండి, కాలమును అట్లే నిలిపివేసెను. అనంతసాగరమను చెఱువును బట్టి ఈ ఊరికి ఆ పేరు వచ్చినదందురు. చెఱువు పేరు మోయుచు కఱవు మోయుచున్న ఊరిలో ఈ దృశ్యమునకు ఎవ్వరును నవ్వలేదు.

ఒక జ్యేష్ఠమాసమున పాసుపుస్తకములో పేరు మార్చుకొనుటకై వచ్చిన రైతు ఒకడు తన ఫైలు ఎక్కడనున్నదని అడుగుటకు ఆయన బల్లయొద్ద నిలిచి, చాలసేపు ఆ కదలెడు అంకెలను చూచెను.

“సామీ, వాన ఎప్పుడొస్తాదో దాంట్లో రాదా?”

“గడువు తేదీ ఇస్తే చూపిస్తుందప్పా.”

“ఆ తేదీ మాకే తెలిస్తే నీ డబ్బాతో ఏం పని సామీ?”

సాలుకు సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే పడు జిల్లా ఇది. జైసల్మేరు తరువాత దేశమున అత్యల్ప వర్షపాతముగల జిల్లాయని దీనికి పేరు. నైరుతి ఋతుపవనము పడమటి కనుమలమీద నీరు కార్చుకొని, ఈ మెట్టమీదికి వచ్చునప్పటికి వట్టి గాలియగును. ఇక్కడి రైతు వానకై ఎదురుచూచునే గాని లెక్కింపడు. మృగశిర ప్రవేశింపకముందే గుంటక తోలి, విత్తనపు చెనిక్కాయ ఒలిపించి, గొర్రు సరిచూచి యుంచుకొనును; వాన పడి నేల పదనైనదా, ఆ పదను ఆరులోపల విత్తును; లేదా, ఆరుద్రకై చూచును. అదను, పదను అను రెండు మాటలలో ఆతని కాలశాస్త్రమంతయు ఇమిడియున్నది. బజ్జీవానిదియు అదే శాస్త్రము. ఈ మాట శేషగణకునికి చెప్పవలెననుకొంటిని. కాని ఆయన తెర చూచుచుండెను. కిటికీ కదలుచుండెను, ఫైలు కదలలేదు. ఓకే నొక్కువఱకు వెనుకనున్న పనినంతయు స్తంభింపజేయు మెస్సేజ్ బాక్సు యొక్క గుణము, ఆ పెట్టెను విడిచి కర్తను ఆశ్రయించినట్లు నాకు తోచెను.

శ్రీహరికోట ఆయనకు తీర్థస్థలము. 1929లో ఫ్రిట్జ్ లాంగ్ తీసిన జర్మన్ మూకీచిత్రమున చంద్రునికై లేచు రాకెట్టుకు ముందు అంకెలను తలక్రిందుగా లెక్కించు దృశ్యముండుటను ఎవరో చెప్పగా ఆ దర్శకునికి మనసులోనే నమస్కరించెను. 2019 జూలై 15 తెల్లవారుజామున చంద్రయాన్-2 లేచునని రాత్రియంతయు మేలుకొని యుండగా, ఇంక 56 నిమిషముల 24 సెకన్లున్నవనగా లెక్కను నిలిపివేసిరి. యంత్రమున లోపము కనబడినది, దిద్దిరి, వారము తిరుగగనే 22వ తేదీ మధ్యాహ్నము 2 గంటల 43 నిమిషములకు రాకెట్టు లేచినది. లోకము దానిని వివేకమనెను. మా శేషగణకుడు రెండుదినములు అన్నము సయింపక తిరిగెను. లెక్కను నిలిపి పనిని చూచుకొనువారుందురను సంగతి ఆయనకు అప్పుడే తెలిసినది.

ఇక ఆయన పరమకిటికీని గూర్చి చెప్పవలెను. 58 ఏండ్లకు, అనగా 2020 జనవరి ఆఖరుదినమున, తాను పదవీవిరమణ చేయుదునని ఎంచి, సెకన్లతోసహా ఆ గడువును చూపు కిటికీ నొకదానిని తెర మూలన స్థాపించి, ఉదయము దానికే మొదట దండము పెట్టుచుండెను. 2014 జూన్‌లో రాష్ట్రము వయఃపరిమితిని 60కి పెంచినది. ఆయన స్క్రిప్టు తెరచి, 2020ని చెరపి 2022 అని వ్రాసికొనెను. మరల తగ్గించుకొనుచు వచ్చి, వచ్చి, 2022 జనవరి 7 నాటికి సరిగా 24 దినములకు దింపుకొనెను. ఆనాడే పరిమితిని 62కు పెంచినట్లు ప్రకటన వెలువడెను. 24 అను అంకె 754 అయినది. కార్యాలయమున కొందఱు మిఠాయి పంచిరి, కొందఱు నిట్టూర్చిరి, శేషగణకుడు మాత్రము లడ్డూను చేతబట్టుకొని, సంతోషింపవలెనో దుఃఖింపవలెనో తెరమీద వ్రాసియుండునేమోయని చూచుచుండెను.

2023 అక్టోబరులో మైక్రోసాఫ్టువారు వీబీస్క్రిప్టును క్రమముగా విరమింపజేయుదుమని ప్రకటించిరి. కర్తకు మూడుమాసములు ముందుగనే ఆయన భాషకు విరమణోత్తర్వు వచ్చినదన్నమాట. 2024 జనవరి 31న పూలదండయు శాలువయు వేసి మేమాయనను సాగనంపుచుండగా, అందఱి చూపులును ఆ కిటికీ మీదనే నిలిచినవి. అంకె సున్నకు దిగినది. మేము చప్పట్లు కొట్టితిమి. అంతట అది ఋణచిహ్నమును ధరించి, ఒకటి, రెండు, మూడని అవతలి దిక్కునకు నడవసాగెను. సున్నవద్ద ఆగుమను వాక్యమును ఆయన వ్రాయనే లేదు.

కొన్ని వారములు గడచిన పిమ్మట టైపిస్టు అమ్మగారు “దీన్ని ఎట్ల తీయల్లో తెలీదు సార్, మీరైనా అడగండి” అని నన్ను వేడుకొనిరి. నేను ఫోను చేసితిని. ఆపుట యెట్లో ఆయన చెప్పలేదు. “ఇప్పుడెంతుంది సార్?” అని మిక్కిలి ఆతురతతో అడిగెను, నేను చదివి చెప్పగా, అవతల పరమానందము వినబడెను. శేషుడన్నను అనంతుడన్నను ఒక్క సర్పమునకే పేర్లు గదా. మిగులు తీరినవానికి తీరని లెక్క దొరకినది.

యంత్రమును ఆర్పివేసినచో కిటికీయు ఆరును. ప్రొద్దున వెలిగించినంతనే తానుగా లేచునట్లు కూడ ఆయన కట్టియుంచెను. అది నేటికిని ఆ మూలన నడచుచున్నది. దాని ముందు, ఆ రైతు పాసుపుస్తకపు ఫైలు, పెట్టినచోటనే యున్నది.