పోస్టర్‌లో కేకలెందుకు?

దెయ్యం సినిమా పోస్టర్‌కి కావలసిన సరంజామా అందరికీ తెలిసిందే: మసక నీలం, పగుళ్లిచ్చిన ఎర్రక్షరాలు, ముఖం మీద జుట్టు విరబోసుకున్న అమ్మాయి, వెనక పాడుబడ్డ బంగళా, అందులో ఒక్క కిటికీలో మాత్రం దీపం. (ఏళ్ల తరబడి మనిషే లేని ఆ ఇంటికి కరెంటు బిల్లు ఎవరు కడుతున్నారో ఏ దర్శకుడూ చెప్పడు.) ఎంత అరిగిపోయినా వీటితో నాకు పేచీ లేదు. నా గొడవంతా ముందువరసలో నోళ్లు తెరిచి కేకలు పెట్టే జనంతోనే. హీరో, హీరోయిన్, వాళ్ల మిత్రబృందం కలిసి భయపడే పనంతా గోడ మీదే పూర్తి చేసేస్తే, టికెట్ కొన్నవాడికి మిగిలేది పాప్‌కార్నే.

నిజంగా వణికించిన పోస్టర్లు చూడండి, వాటిలో ఎవరూ భయపడరు. 1973 నాటి ‘ది ఎగ్జార్సిస్ట్’ పోస్టర్‌లో టోపీ పెట్టుకున్న ఫాదర్ ఒకాయన చేతిసంచితో వీధిదీపం కింద నిలబడి ఉంటాడు, అంతే. దెయ్యం లేదు, నెత్తుటిచుక్క లేదు. ‘రోజ్‌మేరీస్ బేబీ’ (1968)కి రాతిగుట్ట మీద చంటిపిల్లల బండి, వెనక ఆకుపచ్చ రంగులో తల్లి ముఖం సరిపోయాయి. ‘ఏలియన్’ (1979) మరీ పిసినారి: పగులుతున్న గుడ్డు ఒక్కటే. సినిమాలోని గుడ్లకీ దానికీ పోలికే లేదు. చూడబోతే మన కోడిగుడ్డుకే దగ్గరి చుట్టం.

‘జాస్’ (1975) సొరచేపని అంత పెద్దగా చూపించలేదా అంటారు. చూపించింది. కానీ రోజర్ కాస్టెల్ వేసిన ఆ బొమ్మలో పైన ఈదుతున్న అమ్మాయికి కింద ఏముందో తెలియదు, మనకి తెలుసు. భయమంతా ఆ తేడాలోనే ఉంది. ఆమె చేత కూడా కేక పెట్టించి ఉంటే అది బీచ్‌లో హెచ్చరిక బోర్డయ్యేది. మరి ‘ది టెక్సస్ చైన్‌ సా మాసకర్’ (1974) పోస్టర్ మీద రంపం పట్టినవాడూ ఉన్నాడు, బాధితురాలూ ఉంది, ఆ సినిమా ఆడలేదా? ఆడింది. పేరులోనే రంపాన్నీ ఊచకోతనీ పెట్టుకున్నవాళ్లకి ఇక దాచడానికి ఏం మిగిలిందని!

మన హారర్ కామెడీల వాళ్లు ఇంకో మాటంటారు: గుడ్లు తేలేసిన ముఖాలు లేకపోతే నవ్వులున్నాయని జనానికి తెలిసేదెలా? న్యాయమైన మాటే. ‘ఆనందో బ్రహ్మ’ (2017)లో దెయ్యాలే మనుషులకి భయపడతాయి కాబట్టి అక్కడ ఎవరు ఎంత అరిచినా చెల్లుతుంది. చిక్కల్లా నిజంగా జడిపించాలనుకునే సినిమాలు కూడా అవే ముఖాలు అరువు తెచ్చుకోవడంతోనే. డిజైనర్లూ, బంగళాని ఉంచండి, జుట్టునీ దువ్వకండి, మీ ఇష్టం. ఆ నోళ్లు మాత్రం మూయించండి. అరిచే అవకాశం డబ్బిచ్చి కొనుక్కున్నవాళ్లకి వదిలేయండి.