అభివృద్ధి ఏ పార్టీలో ఉంటాదప్పా?

మా పక్క కౌన్సిలర్లకు దివ్యదృష్టి ఉంది. మనకు కనబడేది మూతలేని కాలువ, వెలగని వీధిదీపం. అభివృద్ధి మాత్రం ఏ పార్టీ ఆఫీసులో కాపురం పెట్టిందో అసెంబ్లీ ఫలితాలొచ్చిన సాయంత్రానికే వాళ్లకు తెలిసిపోతుంది. ఇక ఆగరు. కొత్త కండువా, పాత నవ్వు, ఒకే మాట: ‘వార్డు అభివృద్ధి కోసమే పార్టీ మారుతున్నా.’

2021 మార్చిలో హిందూపురం మున్సిపాలిటీలోని 38 వార్డుల్లో వైఎస్సార్‌సీపీ 29 గెలిచింది, టీడీపీకి దక్కినవి 6. అదే కౌన్సిల్లో 2025 ఫిబ్రవరి 3న జరిగిన చైర్మన్ ఎన్నికలో టీడీపీ అభ్యర్థికి 23 ఓట్లు పడ్డాయి. ఎమ్మెల్యే, ఎంపీల ఓట్లు పక్కన పెట్టినా ఈ పెరుగుదలకు మాగాణి రైతులు కూడా కుళ్లుకోవాలి. మధ్యలో అక్కడ మున్సిపల్ ఎన్నికలేమీ రాలేదు. వచ్చిందల్లా 2024 జూన్, అమరావతిలో కొత్త ప్రభుత్వం.

వైసీపీ వాళ్లు దీన్ని ప్రజాస్వామ్య హత్య అంటారు. అనొచ్చు, కాకపోతే కాస్త గొంతు తగ్గించి. 2021లో ధర్మవరంలో 40 వార్డులకు 40, నవంబరులో మా పెనుకొండ నగర పంచాయతీలో 20కి 18 వాళ్లవే. 2024లో ఈ రెండు అసెంబ్లీ సీట్లూ టీడీపీ కూటమికి పోయాయి. అప్పట్లో అభివృద్ధి వాళ్ల పార్టీ ఆఫీసున్న తాడేపల్లిలో ఉండేది లెండి.

సరే, కౌన్సిలరప్ప మాటను నిజమనే అనుకుందాం. పార్టీ మారితేనే వార్డుకు పైసలొస్తాయంటే, మారని వార్డుకు రావనేగా? అంటే తాను చేరుతున్న పార్టీ పన్నులు అందరి దగ్గరా వసూలు చేసి, పనులు మాత్రం తనవాళ్లకే చేస్తుందని ఆయన మైకు ముందు సాక్ష్యం చెబుతున్నాడు. ఇంత ఘాటు ఆరోపణ ప్రతిపక్షం కూడా చేయలేదు. విచిత్రమేమిటంటే, ఆ మాట విని పక్కనున్న నాయకుడు పరువునష్టం దావా వేయడు, కండువా కప్పుతాడు!

రాజ్యాంగం పన్నెండో షెడ్యూల్లో పట్టణ సంస్థలకు 18 పనులు రాశారు. నీళ్లు, రోడ్లు, దీపాలు, చివరికి శ్మశానాలూ ఉన్నాయి. అధికార పార్టీలో చేరిక అందులో లేదు. ఆర్థిక సంఘం గ్రాంటు జనాభాను చూసి వస్తుంది. గొల్లపల్లి రిజర్వాయరు నీళ్లు హిందూపురం పైపుల్లోకి ఎక్కేటప్పుడు ఏ వార్డు కౌన్సిలరుది ఏ రంగు కండువా అని మోటారు అడగదు.

పెనుకొండకు వలసలు కొత్త కాదనుకోండి. రాక్షసి తంగడి యుద్ధం తర్వాత తిరుమలరాయలు హంపీ నుంచి రాజధానినే ఇక్కడికి తెచ్చాడు. అయితే ఆయన యుద్ధంలో ఓడి వచ్చాడు. మనవాళ్లు గెలిచి మరీ పారిపోతున్నారు.

ఇంత శ్రమ దేనికి? ఇకపై వార్డు ఎన్నికల బ్యాలెట్లో సైకిలూ ఫ్యానూ వద్దు. అభ్యర్థులందరికీ ఒకటే గుర్తిద్దాం: సచివాలయం బొమ్మ. నామినేషన్ పత్రంలో పార్టీ అన్నచోట ‘అప్పుడు ఎవరుంటే వారు’ అని ముందే అచ్చు వేయిద్దాం. కండువాల ఖర్చు మిగిలితే ఆ డబ్బుతో కాలువలకు మూతలు వేయించొచ్చు. టెండరు మాత్రం కౌన్సిలరు బామ్మర్దికి పోకుండా చూసుకోవాలి.