ఫీజు కట్టేదాకా 'సార్', కట్టాక టికెట్ నంబరు

ఆన్‌లైన్ కోర్సుల ప్రకటన కింద పొరపాటున మీ ఫోన్ నంబరు ఇచ్చి చూడండి. మీ బాగోగుల మీద ఇంత బెంగ పెట్టుకున్న మనిషి లోకంలో ఇంకొకడు ఉండడు. పొద్దున టిఫిన్ వేళకి ఫోన్, మధ్యాహ్నం కునుకు వేళకి ఫోన్, రాత్రికి వాట్సాప్‌లో 'భోంచేశారా సార్?' నలభై దాటాయండీ అంటే 'చదువుకి వయసేంటి సార్' అంటాడు. పిల్లలు ఇద్దరున్నారంటే 'వాళ్లకి మీరే ఆదర్శం సార్' అంటాడు. నైట్ డ్యూటీ అంటే 'అందుకే కదా సార్ ఆన్‌లైన్!' ఆఫర్ ఇవాళ అర్ధరాత్రితో ఆఖరు. నిన్న అర్ధరాత్రితో కూడా ఆఖరే.

సరే, కట్టేశాం. రెండో పాఠంలోనే సందేహం వచ్చింది. అదే నంబరుకి ఫోన్ చేస్తే 'నేను అడ్మిషన్ల వరకే సార్' అన్నాడు. ఈసారి 'భోంచేశారా' లేదు. అతని స్థానంలో చాట్‌బాట్ ఒకటి ప్రత్యక్షమై 'హాయ్! నేను మీ చదువుల నేస్తాన్ని' అంది. జీఎస్టీ లెక్క అడిగితే పాస్‌వర్డ్ మార్చుకోవడం నేర్పింది. ఇంకోసారి అడిగితే ఇంకోసారి నేర్పింది. గట్టిగా అడిగితే ఓ టికెట్ నంబరు చేతిలో పెట్టి మాయమైంది. ఆర్టీసీ వాడిచ్చే టికెట్‌తో ఆలస్యంగానైనా ఊరు చేరతాం.

అలాగని మనల్ని పూర్తిగా గాలికి వదిలేశారనుకుంటే తప్పు. వారం రోజులు వరసగా లాగిన్ అయితే పేరు పక్కన మంట బొమ్మ వెలిగిస్తారు. ఎనిమిదో రోజు మేనకోడలి నిశ్చితార్థానికి వెళ్లామా, మంట ఆరిపోతుంది. 'మిమ్మల్ని మిస్ అవుతున్నాం' అని మెయిల్ వస్తుంది. వీడియో మధ్యలో ఆగి 'ఇంకా ఉన్నారా?' అని అడుగుతుంది. పెనం మీద దోసె తిరగేస్తున్న ఇల్లాలు మోచేత్తో 'అవును' నొక్కుతుంది. అక్కడెక్కడో డాష్‌బోర్డులో ఆవిడ పేరు పచ్చగా మెరుస్తుంది. ఇద్దరు తోటి విద్యార్థుల రాతలపై స్పందిస్తే 2 మార్కులట. 'సూపర్ మేడమ్' అని ఒకరు, 'సూపర్ సార్' అని ఇంకొకరు. చర్చ ముగిసింది, మార్కులు పడ్డాయి.

ఈ పచ్చరంగు వెనక సంగతి కొంత బయటపడింది కూడా. ఎడ్‌ఎక్స్ అనే ఆన్‌లైన్ వేదిక మీద హార్వర్డ్, ఎంఐటీ నడిపిన కోర్సుల లెక్కలు 2019లో 'సైన్స్' పత్రికలో వచ్చాయి. 2017-18లో చేరినవాళ్లలో పూర్తిచేసినవాళ్లు 3.13 శాతం. ఉచితం కదా అని తొంగిచూసి పోయినవాళ్లూ అందులో ఉన్నారు, కాదనను. సర్టిఫికెట్ కోసం డబ్బు కట్టినవాళ్లలో 46 శాతం గట్టెక్కారు. ఇది చదివితే మీకూ నాకూ 'చేరాక పట్టించుకునే మనిషి ఉంటే ఇంకొందరు మిగిలేవారేమో' అనిపిస్తుంది. వ్యాపారికి 'డబ్బు కట్టిస్తే చదువుతారన్నమాట' అనిపిస్తుంది. మందు దొరికింది, ధర పెంచారు.

ఉద్యోగం చేసుకుంటూ చదవడం మనకేమన్నా కొత్తా? 1982లో హైదరాబాద్‌లో పెట్టిన సార్వత్రిక విశ్వవిద్యాలయం, అంటే ఇప్పటి అంబేడ్కర్ వర్సిటీ, దేశంలో ఆ తరహాలో మొదటిది. దాని తొలి వైస్ ఛాన్సలర్ జి. రాంరెడ్డే 1985లో పుట్టిన ఇగ్నోకి కూడా తొలి వైస్ ఛాన్సలర్. ఇంటర్ గడప తొక్కనివాళ్లు కూడా అర్హత పరీక్ష రాసి డిగ్రీలో చేరే వీలుండేది. పుస్తకాలు తెలుగులో. ఆదివారం వస్తే స్టడీ సెంటర్లో క్లాసు. ఆ గదిలో ఫ్యాను తిరుగుతుందన్న హామీ నేనివ్వను. కానీ ఒక బెంచీ మీద కానిస్టేబులు, పక్క బెంచీలో అంగన్‌వాడీ టీచరు. 'ఈ ముక్క మీకేమైనా అర్థమైందాండీ?' అని ఒకరంటే 'నాకూ కాలేదండీ' అని ఇంకొకరు. ఇంట్లో కొడుకుని అడిగితే 'ఇది కూడా తెలీదా నాన్నా' అంటాడు, ఆఫీసులో అడిగితే పరువు పోతుంది. 'నాకూ కాలేదండీ' అన్న మాట పట్టుకుని డిగ్రీలు గట్టెక్కినవాళ్లు ఎందరో! ఆ మాట చెప్పడం చాట్‌బాట్‌కి రాదు. దానికి అన్నీ అర్థమవుతాయి.

మధ్యలో ఎంత మరిచిపోయినా, పరీక్షనాటికి మన ఆన్‌లైన్ కోర్సు కంపెనీకి మనమీద పాత ప్రేమ ఒక్కసారిగా పొంగుకొస్తుంది. కెమెరా వెయ్యాలి. గది నాలుగు గోడలూ తిప్పి చూపించాలి. కళ్లు తెర మీదనుంచి కదలకూడదు, పెదవులు ఆడకూడదు, రెండో మనిషి నీడ పడకూడదు. ఇదంతా రాసినవాడు రెండు గదుల ఇంట్లో ఆరుగురి మధ్య ఎప్పుడూ కాపురం చేసినట్టు లేడు.

అలాంటి ఇంటి కోడలు ఒకావిడ తలుపు దగ్గరేసి పరీక్షకి కూచుందనుకోండి. అత్తగారికి మనసాగదు. 'పొద్దుట్నించీ పచ్చి మంచినీళ్లు కూడా ముట్టలేదు కదే' అంటూ టీ గ్లాసు తెచ్చి పక్కన పెడుతుంది. ఠక్కున పరీక్ష ఆగిపోతుంది, ఎర్రక్షరాలు పడతాయి: 'బయటి వ్యక్తి సహాయం గుర్తించబడింది.' ఆరు నెలల కోర్సులో ఆవిడకి అందిన సహాయం అదొక్కటే. అప్పీలు చేసుకోవచ్చట. సదరు వ్యక్తి అత్తగారేనని రుజువు చేసే పత్రం, ఇచ్చింది టీయేనని ఆవిడ సంతకంతో వాంగ్మూలం, రెండూ కలిపి ఒకే పీడీఎఫ్‌గా, 2 ఎంబీ దాటకుండా 48 గంటల్లో పంపాలి.