ఒక మగ సర్టిఫికెట్ ఇప్పించండి

2019 డిసెంబర్‌లో సింగపూర్‌లో ఒబామా గారు సెలవిచ్చారు. ప్రపంచంలోని దేశాలన్నిటినీ ఒక్క రెండేళ్లు ఆడవాళ్ల చేతికిస్తే చాలట, దాదాపు ప్రతి విషయంలోనూ బాగుపడతామట. ఆడవాళ్లలో లోపాలు లేకపోలేదు గానీ, మగవాళ్ల కన్నా మెరుగన్నది మాత్రం తిరుగులేని సంగతట. మా అభ్యుదయ మిత్రులు ఆ వార్తకు పువ్వుల బొమ్మలు అంటించి వాట్సాప్‌లో పంచుకున్నారు. ఆ పొద్దున్నుంచి నా ఫోన్ పూలబుట్టలా తయారైంది. ఎనిమిదేళ్లు శ్వేతసౌధంలో కూర్చున్న మనిషికి ఈ సత్యం నోటిదాకా రావడానికి కుర్చీ దిగాక దాదాపు మూడేళ్లు పట్టింది. 2008లో పార్టీ అభ్యర్థిత్వం కోసం ఆయన ఓడించింది ఒక ఆడమనిషినే. ఆ చిన్న ముక్కను మాత్రం ఎవరూ పంచుకోలేదు. పువ్వుల మధ్య చోటు చాల్లేదేమో.

సరే, పెద్దమనిషి మాట. తిరుగులేదన్నాక నేను తిరగబడను. నా బెంగంతా అమలు గురించే. ఆడవాళ్లు మెరుగన్నది ఖాయమైతే, మెరుగ్గా నడుచుకోని ఆడవాళ్లు అసలు ఆడవాళ్లే కారన్నదీ ఖాయం కావాలి కదా? మరి వాళ్లను రికార్డుల్లో ఏ గడిలో చూపించాలి? చరిత్ర నిండా వాళ్లే ఉన్నారాయె. అందుకని, రెండేళ్ల పథకం మొదలుపెట్టే లోపు రెవెన్యూ శాఖ ఒక చిన్న పని పూర్తి చేయాలని నా మనవి. పురుష ధ్రువీకరణ పత్రం. కులం, ఆదాయం, నివాసం సర్టిఫికెట్లు ఇచ్చే మీ సేవ కౌంటర్లోనే ఇదీ ఇచ్చేయొచ్చు. దరఖాస్తు ఫారం, రెండు ఫొటోలు, చేసిన ఘనకార్యం తాలూకు పేపర్ కటింగ్. వీఆర్వో ఇరుగుపొరుగును విచారించి, ‘సదరు దరఖాస్తుదారు చూడ్డానికి స్త్రీయే అయినప్పటికీ, ప్రవర్తన రీత్యా పురుషుడని గ్రామస్థులు వాంగ్మూలం ఇచ్చినారు’ అని రిపోర్టు రాస్తాడు. తహసీల్దారు గారు స్టాంపు గుద్దుతారు. సిద్ధాంతం భద్రం.

మొదటి టోకెన్ అప్పటి మయన్మార్ నేత ఆంగ్ సాన్ సూచీ గారిది. ఆవిడది అర్జంటు కేసు. ఒబామా గారు ఈ మాట అనడానికి సరిగ్గా అయిదు రోజుల ముందు, డిసెంబర్ 11న, ఆవిడ హేగ్‌లోని అంతర్జాతీయ న్యాయస్థానంలో నిలబడి తన సైన్యం తరఫున వాదించారు. రోహింగ్యాల మీద జాతి హననం జరిగిందంటూ గాంబియా వేసిన కేసు అసంపూర్ణంగా ఉందట, తప్పుదోవ పట్టిస్తోందట. 2017 ఆగస్టు నుంచి ఏడు లక్షల మందికి పైగా ప్రాణాలరచేత పట్టుకుని బంగ్లాదేశ్‌లోకి నడిచిపోయారు. కథలో ఆవిడకు ఇంకా ఏ భాగం తక్కువ పడిందో తెలియదు. 1991లో నోబెల్ శాంతి బహుమతి ప్రకటించినప్పుడు ఆవిడ నిస్సందేహంగా స్త్రీ. తలలో పువ్వు ఉంది. చిక్కేమిటంటే హేగ్‌లోనూ ఆ పువ్వు ఉంది. ఇలాంటి చోట వీఆర్వోలు తికమకపడతారు కాబట్టి, పువ్వును సాక్ష్యంగా పరిగణించరాదని కలెక్టరు గారు ముందే ఒక సర్క్యులర్ పంపితే మంచిది.

ఆ వెనకే అప్పటి బంగ్లాదేశ్ ప్రధాని షేక్ హసీనా గారు. ఆవిడ ఫైలు మరీ చిక్కు. రోహింగ్యాలకు సరిహద్దు తలుపు తీసింది ఆవిడే, కాబట్టి ఆ మేరకు స్త్రీ. పాత ప్రత్యర్థి ఖలీదా జియా 2018 ఫిబ్రవరిలో ఖైదు పాలైంది, కాబట్టి ఆ మేరకు పురుషుడు. 1991 నుంచి 2019 దాకా మధ్యలో ఆపద్ధర్మ ప్రభుత్వాలు తప్పిస్తే ఆ దేశాన్ని ఏలింది ఈ ఇద్దరే. ఒబామా గారడిగింది రెండేళ్లు, బంగ్లాదేశ్ అప్పటికే ముప్ఫై ఏళ్లకు దగ్గరైంది. హసీనా గారికి రెండు సర్టిఫికెట్లూ ఇచ్చి, ఏ రోజు ఏది చూపించాలో ఆవిడకే వదిలేద్దాం.

శ్రీలంక వాళ్లది జాయింట్ అప్లికేషన్. 1960లో సిరిమావో బండారనాయకే ప్రపంచంలోనే మొట్టమొదటి మహిళా ప్రధాని అయ్యారు. 1971లో సింహళ యువకులు తిరగబడితే ఆవిడ ప్రభుత్వం వేల మందిని చంపించి అణిచేసింది. తర్వాత 1994లో కూతురు చంద్రిక దేశాధ్యక్షురాలు, తల్లి మళ్లీ ప్రధానమంత్రి. 2000 ఆగస్టు దాకా అంటే ఇంచుమించు ఆరేళ్లు, ఒకే దేశంలో రెండు పెద్ద కుర్చీల్లోనూ ఆడవాళ్లే. ఒబామా గారి ప్రయోగం ఇంతకన్నా పకడ్బందీగా ఏ లాబొరేటరీలోనూ జరగదు. చర్చలు బెడిసికొట్టాక చంద్రిక గారు ఎంచుకున్న మార్గానికి ‘శాంతి కోసం యుద్ధం’ అని పేరు పెట్టారు. 1995 డిసెంబర్‌కు జాఫ్నా సైన్యం చేతికొచ్చింది, శాంతి మాత్రం రాలేదు. 1999 డిసెంబర్ 18న, కొలంబో ఎన్నికల సభలో ఆవిడ మీద బాంబు దాడి జరిగింది. ఆవిడ ప్రాణాలతో బయటపడ్డారు గానీ ఒక కన్ను పోయింది. ఒంటికి బాంబు చుట్టుకుని వచ్చిందీ ఆడమనిషే. అధ్యక్షురాలికో సర్టిఫికెట్, ప్రధానికో సర్టిఫికెట్, మానవ బాంబుకో సర్టిఫికెట్. ఆ రోజు మీ సేవలో ప్రింటర్ ఇంకు అయిపోతుంది.

కొందరికి కొత్తగా ఇవ్వాల్సిన పనే లేదు, రెన్యువల్ చేస్తే చాలు. మార్గరెట్ థాచర్‌ను ఇంగ్లండ్ మొత్తం మీద మేటి మగాడని స్వయంగా రొనాల్డ్ రీగన్ మెచ్చుకున్నాడు. 1982లో ఫాక్‌లాండ్స్ యుద్ధంలో బెల్‌గ్రానో అనే అర్జెంటీనా నౌకను ముంచితే 323 మంది జలసమాధి అయ్యారు. పదకొండేళ్ల పాలనలో ఆవిడ తన కేబినెట్లోకి తీసుకున్న ఆడవాళ్లు ఎందరయ్యా అంటే, ఒక్కరు. ఇజ్రాయెల్‌లో గోల్డా మెయిర్ గురించి బెన్‌గురియన్ అలాంటి మాటే అన్నట్టు చెబుతారు. మన ఇందిరా గాంధీ గారి సంగతి సరేసరి. కేబినెట్ మొత్తంలో ఆవిడొక్కతే మగాడని మనవాళ్లు ఎన్నేళ్లు మురిసిపోలేదు! అలా అంటే ఆవిడను పొగుడుతున్నామనుకున్నారు. మిగిలిన మంత్రులూ నొచ్చుకున్న దాఖలా లేదు. ఎమర్జెన్సీలో, 1976-77 ఒక్క ఏడాదిలోనే, దేశంలో 80 లక్షలకు పైగా కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు జరిగితే అందులో ఎక్కువ భాగం మగవాళ్లకే. ఆ బాధితులను పిలిచి ‘ఆవిడ స్త్రీయా, పురుషుడా’ అని విచారణ జరిపితే ఏం చెబుతారో ఊహించుకోండి. వీఆర్వో ఆ పల్లెల్లోకి పగటిపూట వెళ్లడమే మేలు.

ఇలాంటి సర్టిఫికెట్ల జారీలో తెలుగువాళ్లం అందరికన్నా ముందున్నామని గర్వంగా చెప్పుకోవాలి. 13వ శతాబ్దంలోనే గణపతిదేవ చక్రవర్తి కూతురికి మగ పేరు పెట్టి, మగ దుస్తులు తొడిగి, రుద్రదేవ మహారాజును చేశాడు. సొంత తండ్రే తహసీల్దారు. ఆవిడ దేవగిరి యాదవులతో యుద్ధాలు చేసింది. ఆవిడ కాలం నాటి 1261 మల్కాపురం శాసనంలోనే ప్రసూతిశాల ప్రస్తావనా ఉంది.   కత్తి పట్టినదీ, కాన్పుల గది ఉన్న రాజ్యాన్ని ఏలినదీ ఒక్క మనిషేనంటే మన సిద్ధాంతానికి గడి చాలదు.

అన్యాయం జరగకుండా పక్కనే ఇంకో కౌంటర్ తెరవాలి, మగవాళ్ల కోసం. మెరుగ్గా నడుచుకున్న మగవాళ్లకు స్త్రీ ధ్రువీకరణ పత్రం. అశోకుడికి కళింగ యుద్ధం మర్నాటి తేదీ నుంచి అమల్లోకి వచ్చేలా ఇవ్వొచ్చు, పాత బకాయిలు వర్తించవు. ఒక్క తూటా పేల్చకుండా తూర్పు యూరప్‌ను వదిలేసిన గోర్బచేవ్‌కు దరఖాస్తు లేకుండానే ఇచ్చెయ్యాలి.

ఇక సాక్షి సంతకం. ఏ దరఖాస్తుకైనా ఒక పరువు గల సాక్షి కావాలి కదా. ఒబామా ప్రభుత్వంలో పనిచేసిన హిలరీ క్లింటన్, సుసాన్ రైస్, సమంతా పవర్ గార్ల దరఖాస్తుల మీద సాక్షిగా సంతకం పెట్టాల్సింది సాక్షాత్తూ ఒబామా గారే. 2011 మార్చిలో లిబియా మీద దాడి చెయ్యాలా వద్దా అని ఆయన తర్జనభర్జన పడుతుంటే వద్దన్నవాడు రక్షణ మంత్రి రాబర్ట్ గేట్స్, వెనక్కి లాగినవాడు ఉపాధ్యక్షుడు జో బైడెన్. చేద్దామని గట్టిగా పట్టుబట్టింది ఈ ముగ్గురూ. విమానాలు వెళ్లాయి. లిబియా ఇవాళ్టికీ తేరుకోలేదు. గడాఫీ కూలాక ఏం చెయ్యాలో ముందే ఆలోచించుకోకపోవడం తన పాలనలో బహుశా అన్నిటికన్నా పెద్ద తప్పని తర్వాత ఆయనే ఒప్పుకున్నారు కూడా. నిర్ణయం ఆయనదే, సంతకమూ ఆయనదే, ఆ ముగ్గురి మీదకు తోసెయ్యడం నా ఉద్దేశం కాదు. కానీ ఆ గదిలో కూర్చుని ఎవరేమన్నారో చెవులారా విన్న మనిషి సింగపూర్ వచ్చి ఆడవాళ్ల చేతికిస్తే లోకం చల్లబడుతుందంటాడేమిటి? ఓయింద్రిలా దూబే, ఎస్.పి. హరీష్ అనే ఇద్దరు పరిశోధకులు 1480 నుంచి 1913 దాకా ఐరోపా రాజ్యాలను లెక్కగట్టి, రాజుల ఏలుబడి కన్నా రాణుల ఏలుబడిలోనే యుద్ధాలు ఎక్కువని తేల్చారు. ఒంటరి రాణి అయితే అలుసుగా చూసి పక్క రాజ్యం దండెత్తేదట. పెళ్లయిన రాణి అయితే మొగుడికి కొన్ని పనులు అప్పజెప్పి తనే దండెత్తేదట. దీంట్లో ఆడ గుణం ఏమీ లేదు. కుర్చీ ఉంది, భయం ఉంది, అవకాశం ఉంది. కుర్చీలో ఎవరు కూర్చున్నా అంతే.

నాకు ఒబామా గారి మీద కోపం లేదు. సభకు తగ్గ మాట చెప్పాడు, చప్పట్లు తీసుకున్నాడు, విమానం ఎక్కాడు. నా కోపమంతా దాన్ని అభ్యుదయమని నెత్తిన పెట్టుకున్నవాళ్ల మీద. ఆడది దేవత అని పురాణం చెప్పే శాస్త్రి గారంటే మీకు ఛాందసం, ఆడది మెరుగు అని మాజీ అధ్యక్షుడంటే విప్లవమా? షరతు రెండిట్లోనూ ఒకటే. మగవాడు నామినేషన్ వేస్తే మంచివాడివేనా అని అడిగే నాథుడు లేడు, కేసులుంటే అఫిడవిట్‌లో రాసుకుని దర్జాగా నిలబడతాడు. ఆడమనిషికి మాత్రం సీటుతో పాటు చీపురు ఇస్తారు. వచ్చావుగా, మేం చేసిన కంపంతా ఊడ్చు. ఊడ్చకపోతే నువ్వసలు ఆడదానివేనా?

హక్కును మంచితనానికి ముడివేస్తే ఏమవుతుందో 2019 చివర్లో హైదరాబాద్‌లో చూశాం. శంషాబాద్ దగ్గర ఒక అమ్మాయిని చంపేశాక, చెల్లెలికి కాకుండా 100కు ఫోన్ చేసి ఉంటే బతికేదన్నారు అప్పటి తెలంగాణ హోం మంత్రి గారు. చచ్చిపోయాక కూడా ఆమె సరిగ్గా నడుచుకుందా లేదా అన్నదే లెక్క. ఆర్టీసీలో ఆడవాళ్లకు రాత్రి ఎనిమిది దాటాక డ్యూటీ వెయ్యొద్దని అప్పటి ముఖ్యమంత్రి గారు ఆదేశించారు. అయిదేళ్ల పాటు తన మంత్రివర్గంలో ఒక్క ఆడమనిషి లేకుండా నెట్టుకొచ్చి, 2019 సెప్టెంబర్‌లో ఇద్దరికి చోటిచ్చిన ముఖ్యమంత్రి గారే. మెరుగైన జాతి కదా, చీకటి పడకముందే ఇంటికి చేర్చాలి! అదీ సంగతి. రెండేళ్లు భూగోళాన్ని ఏలొచ్చు గానీ, రాత్రి ఎనిమిది దాటితే సిటీ బస్సులో టికెట్ కొట్టకూడదట.

మహిళా రిజర్వేషన్ బిల్లు మొదట పార్లమెంటుకు వచ్చింది 1996లో. 2010 మార్చి 9న రాజ్యసభలో పాసైంది. లోక్‌సభ గడప తొక్కకుండానే 2014లో మురిగిపోయింది. ఆ తర్వాత ఒకే పార్టీకి రెండుసార్లు పూర్తి మెజారిటీ వచ్చింది, బిల్లు మాత్రం 2023 దాకా రాలేదు. సంఖ్యా బలం లేకపోయిందనకండి, సమయం లేకపోయిందని అసలే అనకండి. 2019 డిసెంబర్‌లో పౌరసత్వ సవరణ బిల్లును ఒక సోమవారం లోక్‌సభలో పెట్టి బుధవారం రాత్రికి రాజ్యసభలో గట్టెక్కించిన సభలివి. 543 మంది లోక్‌సభకు 2019లో ఎన్నికైన ఆడవాళ్లు 78 మంది, అదే రికార్డట. తెలంగాణ శాసనసభకు 2018లో ఎన్నికైన 119 మందిలో ఆరుగురు. ఆడవాళ్లు మెరుగు గనక ఇవ్వాలని ఆ బిల్లులో ఎక్కడా లేదు. మూడో వంతు అని ఉంది. ఇవ్వండి. వచ్చేవాళ్లలో దొంగలెందరు, దొరలెందరు అన్న విచారణ, మిగతా రెండు వంతుల విచారణ పూర్తయ్యాక మొదలుపెట్టుకుందాం.